టోపీ తీయని పెళ్లికొడుకు

ఫిలడెల్ఫియా,
మార్చి 1794

ప్రియమైన హ్యూ అన్నయ్యకు,

నేను క్షేమం. నువ్వూ గ్రిజెల్ వదినా పిల్లలూ క్షేమమని తలుస్తాను. కొండలు దాటి మీ దాకా ఉత్తరం రావడానికి మూడు వారాలు పడుతోంది. ఇది నీకు అందేసరికి మన దేశం ఇంగ్లండుతో యుద్ధంలో ఉంటుందో, ఫ్రాన్సుతో ఉంటుందో నేను చెప్పలేను. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నా, ఈ పూటకైతే మన దేశం ఎవరితోనూ యుద్ధంలో లేదు. రేపటి సంగతి నా భోజనాల బల్ల దగ్గర తేలుతుంది.

నవ్వకు. మా ఆయన పోయాక పూటకూళ్లిల్లు పెట్టుకున్నప్పుడు ప్రభుత్వం మొత్తం నా నెత్తిన పడుతుందని నేననుకోలేదు. రాజధాని ఈ ఊరే కదా, చట్టాలు చేసే కాంగ్రెసు సభ మెంబర్లిద్దరు నా ఇంట్లో దిగారు. ఒకాయన కరోలినా నుంచి వచ్చిన మేజర్ పెటిగ్రూ. ఆయనకు ఫ్రెంచివాళ్లంటే ప్రాణం. కోటుకు వాళ్ల మూడు రంగుల రిబ్బను పెట్టుకుని, నన్ను పట్టుకుని "పౌరురాలా, ఇంకాస్త సూప్ పొయ్యి" అంటాడు. రెండో ఆయన కనెక్టికట్ షావుకారు స్టార్క్‌వెదర్. ఇంగ్లండు ఓడలు మన సరుకు ఓడల్ని పట్టుకుపోతుంటే "పోనీలెండి, పెద్దవాళ్లు" అంటాడు. పట్టుకుపోయినవాటిలో ఆయన ఓడ కూడా ఒకటుంది. అయినా అంటాడు.

నిన్న మేజరు గారు లేచి ఫ్రెంచి ప్రజల పేరు చెప్పి గ్లాసెత్తాడు. షావుకారు కూర్చునే తాగాడు. కూర్చుని తాగడం ఒక దేశాన్ని అవమానించడమేనట. దాని మీద మాటలు ముదిరి మాంసం చల్లారిపోయింది. అధ్యక్షుల వారు పోయినేడు ప్రకటించినట్టే నేనూ తటస్థ విధానం ప్రకటించాను. ఇక మీదట ఈ ఇంట్లో మాంసం ముక్కను సరిగ్గా మధ్యలోంచి కోస్తాను, కొవ్వు ఎటు పడితే అటువాళ్ల అదృష్టం అన్నాను. మేజరు గారు కాసేపు చూసి, "కత్తి పిడి ఇంగ్లండు వైపు తిరిగుందమ్మా" అన్నాడు.

ఆ ఇద్దరి మధ్య కుర్చీలో పెన్నాక్ అని ఒకాయన కూర్చుంటాడు. క్వేకరు. వాళ్ల పద్ధతి నీకు తెలుసుగా, ఎవరి ముందూ టోపీ తీయరు, ఒట్టు వేయరు, ఆయుధం పట్టరు, రాజునైనా 'నువ్వు' అనే అంటారు. అంత గొడవలోనూ ఆయన చేయి చాపి, "ఎలీఫలెట్, ఆ ఉప్పు ఇలా ఇవ్వు" అన్నాడు. షావుకారును పేరు పెట్టి పిలవడానికి వాళ్లావిడకు కూడా ధైర్యం చాలదట. ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉప్పు ఇచ్చేశాడు.

నీ విస్కీ ఒక పీపా పంపగలవా? ఈ దేశాన్ని నీళ్ల మీద నడపడం నా వల్ల కావడం లేదు.

నీ చెల్లెలు,
ఇసబెల్


నక్కవాగు, పడమటి పెన్సిల్వేనియా,
ఏప్రిల్

ప్రియమైన చెల్లికి,

ఉత్తరం అందింది. నీ బల్ల మీద కొవ్వు సమస్య తీరినందుకు సంతోషం. మా సమస్యలు వినే తీరిక మీ ప్రభుత్వానికి ఎప్పుడు దొరుకుతుందో కనుక్కుని రాయి.

మా సరుకు కిందికి తీసుకెళ్లే నదిని స్పెయిన్‌వాళ్లు మూసేశారు. మన చేతిలో యుద్ధం ఓడిపోయిన ఇంగ్లండువాళ్లు మన గడ్డ మీది కోటల్లో ఇంకా కాళ్లు చాపుకుని కూర్చున్నారు. అడవి తెగల మీదికి యుద్ధానికి వెళ్లిన మన సైన్యం రెండుసార్లు చావుదెబ్బ తిని వచ్చింది. ఇవన్నీ పక్కన పెట్టి మీవాళ్లు ఏం చేస్తున్నారయ్యా అంటే, నా బట్టీలో ఎంత విస్కీ పడుతుందో కొలిచి పన్ను వేయడానికి ఒకణ్ని చేతికి కొలకర్ర ఇచ్చి పంపుతున్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు.

విస్కీ అంటే మీకు తాగేది. మాకు అన్నీ అదే. పాస్టరు గారి జీతం విస్కీ. పిల్లలకు చదువు చెప్పినందుకు పంతులుకు ఇచ్చేది విస్కీ. ధాన్యం మూటలు గుర్రం మీద వేసి కొండలు దాటిస్తే దారిలో గుర్రమే తినేస్తుంది. అదే విస్కీ చేసి పంపితే గుర్రం ముట్టదు. తోలేవాడి సంగతి నేను చెప్పలేను.

నన్ను ఊరి దళానికి కెప్టెనుగా ఎన్నుకున్నారు. వద్దన్నాను. కానీ మీటింగు మా ఇంట్లోనే పెట్టడంతో, కోపమొచ్చి లేచి వెళ్లిపోదామంటే వెళ్లడానికి చోటు లేకపోయింది. కొలకర్రతో ఎవడొచ్చినా ఒళ్లంతా తారు పూసి ఈకలు అద్ది పంపాలని తీర్మానించాం. తారు సంపాదించడానికి కమిటీ వేశాం.

పీపా పంపుతున్నాను. పన్ను కట్టని సరుకు, కాబట్టి రుచిగా ఉంటుంది.

ఇంతకీ ఆ పెన్నాక్ ఎవరు? రెండు దేశాలు కొట్టుకుంటుంటే నువ్వు ఉప్పు అడిగినవాడి గురించి రాశావు. నీ అన్నను, నాకు కళ్లున్నాయి. టోపీ తీయనివాడి తలలో ఏముందో ఎవరికీ తెలియదు. జాగ్రత్త.

అన్నయ్య,
హ్యూ


ఫిలడెల్ఫియా,
జూన్

ప్రియమైన అన్నయ్యకు,

పీపా అందింది. మేజరు గారు మొదటి గ్లాసుకు మీ పడమటి జనం కష్టాలకు కన్నీళ్లు పెట్టుకున్నాడు. రెండో గ్లాసుకు షావుకారును ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. ఇంగ్లండుకు సంధి మాట్లాడే మనిషిని పంపడం తప్పా ఒప్పా అన్నది తగువు. పిస్తోళ్లు కూడా వచ్చేశాయి, నా కొత్త తివాచీ మీద.

అప్పుడు పెన్నాక్ లేచి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. "మీలో ఎవరు చచ్చినా ఈ గది కడగవలసింది ఇసబెల్. ఆమెకు నడుం నొప్పి. కాస్త ఆలోచించుకోండి" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూసి, సిగ్గుపడి, పిస్తోళ్లు లోపల పెట్టారు.

నా నడుం నొప్పి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మెట్లెక్కేటప్పుడు ఆయన గమనించాడట.

నీ దగ్గర దాచి ఏం లాభం? ఆయన నన్ను పెళ్లి చేసుకుంటానని అడిగాడు. వేరే చర్చిదాన్ని చేసుకుంటే వాళ్లవాళ్లు ఆయన్ను వెలేస్తారు. దానికి సిద్ధంగానే ఉన్నాడు. నేను మాత్రం నా వాళ్లను వదులుకోలేను అన్నయ్యా. నాన్న లేడు, అమ్మ లేదు, నాకు పుట్టిల్లంటే నువ్వే. నువ్వు సరేనంటే చేసుకుంటాను, లేదంటే ఈ సూప్ గిన్నెతోనే నా కాలం గడిచిపోతుంది. ఏడవను, కానీ గడిచిపోతుంది.

ఆయన పేరు ఎలిషా. ప్రభుత్వంలో ఏదో కొలతల పని. ఆ పని మీదే వచ్చే నెల మీ వైపు వస్తున్నాడు. పొలాల కొలతో రోడ్ల కొలతో నేను వివరంగా అడగలేదు. మీ ఇంటికి వచ్చి నీతో స్వయంగా మాట్లాడతానన్నాడు. కడుపునిండా పెట్టండి. మొక్కజొన్న రొట్టె అంటే ఇష్టం.

నీ చెల్లెలు,
ఇసబెల్


నక్కవాగు,
జులై చివర

ఇసబెల్,

ఈసారి 'ప్రియమైన' అని రాయడం లేదు. ఎందుకో చదువు.

మొన్న మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే గుమ్మంలో ఒక మనిషి. వెడల్పాటి టోపీ, బూడిదరంగు కోటు. "హ్యూ, నేను ఎలిషాను. ఇసబెల్ పంపింది" అన్నాడు. ఈ ఊళ్లో నన్ను ఉత్త హ్యూ అని పిలిచి బతికినవాడు లేడు. అయినా చెల్లెలు పంపిన మనిషి కదా అని కూర్చోబెట్టాను. టోపీ తీస్తాడేమోనని ప్రార్థన కాసేపు ఆపాను. తీయలేదు. టోపీతోనే తిన్నాడు. బాగా తిన్నాడు. మీ వదిన మురిసిపోయింది.

తిన్నాక సంచి విప్పి కొలకర్ర తీసి బల్ల మీద పెట్టాడు. "హ్యూ, పెళ్లి మాట ముందా, బట్టీ మాట ముందా?" అన్నాడు.

పొలాల కొలతో రోడ్ల కొలతో నువ్వు అడగలేదా? బల్లి శకునం చెప్పి కుడితిలో పడ్డట్టు, తారు తీర్మానం రాసిన నా చేతులతోనే ఆయనకు రొట్టె వడ్డించాను కదే.

నా నోట మాట వచ్చేలోపే వాకిట్లో మా దళం. ఎక్సైజువాడు వాగు దాటాడని ఎవరో చూశారట. తారు డబ్బా తెచ్చి, కెప్టెను గారు ముందు నడవాలి అన్నారు. నేను ఆయన్ను వెనక తలుపులోంచి బట్టీ కొట్టంలోకి తోసి గొళ్లెం పెట్టి, వాకిట్లోకి వచ్చి "ఈకలేవి?" అని అడిగాను. ఆ క్షణాన ఇంకేం తోచలేదు.

చూస్తే ఈకల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తారుకు కమిటీ వేశాం, ఈకలకు వేయలేదు. మన చర్చివాళ్లం తీర్మానం లేకుండా తుమ్మం కూడా. అక్కడే సభ మొదలెట్టారు. కెప్టెను గారింట్లో దిండు చించాలని ఆర్చీ మెక్‌ఫాల్ ప్రతిపాదించాడు, ఇంకొకడు బలపరిచాడు. మీ వదిన గరిటెతో బయటికొచ్చింది.

"నా పెళ్లినాటి బాతు ఈకల దిండు అది. ప్రభుత్వం మీద అంత కోపముంటే వెళ్లి మీ ఆవిడ దిండు చించుకో ఆర్చీ" అంది.

ఆర్చీ ఇంటికెళ్లి అడిగాడు. తిరిగి రాలేదు. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే దిండ్ల కోసం బయల్దేరారు. పొద్దుగూకేసరికి వాకిట్లో నేనూ తారూ మిగిలాం. తారు గడ్డకట్టింది.

కొట్టం తలుపు తీశాను. "హ్యూ, ఊరికే కూర్చోవడం ఎందుకని నీ బట్టీ కొలిచేశాను. ఊళ్లో చెప్పుకునేదానికన్నా పెద్దది" అన్నాడు నీ పెళ్లికొడుకు.

ఈ పెళ్లికి నేను ఒప్పుకోను. దారులన్నీ మావాళ్లు కాస్తున్నారు కాబట్టి ఆయన్ను వెనక్కి పంపలేను. కొట్టంలోనే ఉంచి భోజనం పెడుతున్నాను. అది మన ఇంటి మర్యాద. అంతకుమించి ఏమీ లేదు.

హ్యూ


ఫిలడెల్ఫియా,
ఆగస్టు

అన్నయ్యా,

తిట్టు, పడతాను. నేను అబద్ధం చెప్పలేదు, నిజంలో సగమే చెప్పాను. మొత్తం చెబితే నువ్వు తలుపు తీసేవాడివా?

ఇప్పుడు కోపం పక్కన పెట్టి ఈ మాట విను. మీ మీదికి సైన్యం వస్తోంది. నాలుగు రాష్ట్రాల నుంచి మనుషుల్ని పోగుచేస్తున్నారు. అధ్యక్షుల వారే గుర్రమెక్కుతారని చెప్పుకుంటున్నారు. కొత్త ప్రభుత్వం కదా, దాని మాట చెల్లుతుందా లేదా అని ఇంగ్లండూ ఫ్రాన్సూ స్పెయినూ కిటికీలోంచి చూస్తున్నాయట. వాళ్ల ముందు పరువు నిలుపుకోవడానికి ముందుగా కెప్టెన్లను పట్టుకుంటారట.

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఏం జరిగిందో తెలుసా? ఏడాదిగా ఉప్పు మీద కూడా ఏకాభిప్రాయం కుదరని మేజరు గారూ షావుకారూ, విస్కీ కెప్టెన్లను ఉరి తీయాలన్న మాట మీద కలిసిపోయారు. లేచి చేతులు కూడా కలుపుకున్నారు. మేజరు గారి చేతిలో గ్లాసు ఉంది, గ్లాసులో నీ విస్కీ ఉంది. నేను గిన్నె వాళ్ల మధ్య పెట్టి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఒక దారి ఉంది. చట్టానికి లోబడతానని మేజిస్ట్రేటు ముందు ఒట్టు వేసి సంతకం పెట్టినవాళ్లకు క్షమాభిక్ష. సెప్టెంబరు పదకొండు లోపల. నీకు దండం పెడతాను, వేసెయ్. పెళ్లి సంగతి మరిచిపో. ఎలిషా వద్దంటే నాకూ వద్దు. ఇంకెప్పుడూ ఆ పేరు ఎత్తను. నువ్వు బతికుంటే చాలు.

ఇసబెల్


నక్కవాగు,
సెప్టెంబరు మొదట

ప్రియమైన చెల్లికి,

నువ్వు ఏడ్చావని రాశావు. గ్రిజెల్ కూడా ఏడుస్తోంది. మా వాకిట్లో దళం మొత్తం తలలు వేలాడేసుకుని కూర్చుంది. కెప్టెను ఒట్టు వేస్తే తామూ వేస్తామంటున్నారు. తారు కమిటీ మొట్టమొదట తయారైంది.

నేను వేయలేను. భయం లేక కాదు, ఉంది. రాత్రి నిద్ర కూడా పట్టడం లేదు. కానీ ఒట్టంటే దేవుణ్ని సాక్షిగా పిలవడం. ఆ రాజ్యాంగం మొదటి నుంచి చివరి దాకా చదివాను, అందులో దేవుడి పేరు ఒక్కచోట లేదు. తనను పేరుపెట్టి పిలవనివాళ్ల తరఫున సాక్ష్యానికి రమ్మని నేను ఆయన్ను ఏ మొహం పెట్టుకుని పిలవాలి? మన తాత ఇలాంటి ఒట్టు వేయనందుకే స్కాట్లండులో జైల్లో చచ్చాడు. నేను వేస్తే ఆయన సమాధిలో లేచి కూర్చుంటాడు.

నీ ఎలిషాతో రోజూ దీని మీదే వాదన. ఊరంతా ఒకదారైతే ఉలిపికట్టెది ఒకదారి, ఆ మనిషి. ఆయన మా కొట్టంలో ఉన్నాడని దళానికీ తెలిసిపోయింది, తారు మాట మాత్రం ఇప్పుడెవరూ ఎత్తడం లేదు. పిల్లలు ఆయన్ను వదలడం లేదు. చిన్నది కూడా నన్ను హ్యూ అంటోంది.

నాకేమైనా అయితే గ్రిజెల్‌నూ పిల్లల్నీ చూసుకో.

అన్నయ్య


నక్కవాగు,
తొమ్మిదో నెల, పన్నెండో రోజు

ఇసబెల్,

నీ అన్న నిన్న, గడువు రోజునే, సంతకం పెట్టాడు. భయపడకు. ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే హ్యూ రాస్తే పెద్దది చేస్తాడు.

ఒట్టు వేయకుండా 'ధ్రువీకరిస్తున్నాను' అంటే చాలునని నేను హ్యూతో చెప్పాను. దేవుణ్ని సాక్షిగా పిలవనక్కర లేదు, అవునంటే అవును, అంతే. హ్యూ రాత్రంతా ఆలోచించాడు. పొద్దున "దేవుణ్ని పిలవకపోతే ఆయనకు ఇబ్బంది లేదు" అన్నాడు.

మేజిస్ట్రేటు "టోపీ తీసి చెయ్యెత్తు" అన్నాడు. హ్యూ తీయలేదు. "ధ్రువీకరిస్తాను" అన్నాడు. అది క్వేకర్లకు మాత్రమేనని మేజిస్ట్రేటు అన్నాడు, ఇతను మీవాడేనా అని నన్నడిగాడు. నేను అబద్ధమాడను కనుక కాదన్నాను. హ్యూ నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. అయితే రాజ్యాంగంలో 'ఒట్టు గాని ధ్రువీకరణ గాని' అని ఉంది, క్వేకరు అన్న మాట ఎక్కడా లేదు, చూసుకో అన్నాను. మేజిస్ట్రేటు పుస్తకం తెరిచి ఆ మాట కోసం వెతికాడు. భోజనం చల్లారుతోందని ఇంట్లోంచి పిలుపు వచ్చింది. సరే కానీయమన్నాడు.

హ్యూ వెనక దళమంతా వరసలో నిలబడింది. టోపీ తలమీద ఉంటేనే క్షమాభిక్ష చెల్లుతుందని వాళ్లు అనుకున్నారు. వద్దని చెప్పినా నమ్మలేదు. టోపీ లేనివాళ్లు ఉన్నవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నారు. ఆర్చీ మెక్‌ఫాల్ కోడిగుడ్ల బుట్ట బోర్లించుకున్నాడు. అందరూ క్షేమం.

నీ నడుం ఎలా ఉంది? బరువులు ఎత్తకు.

ఎలిషా


నక్కవాగు,
నవంబరు

ప్రియమైన చెల్లికి,

సైన్యం వచ్చింది. వెతకడానికి తిరుగుబాటుదారులు ఎవరూ దొరకలేదు, అందరం సంతకాలు పెట్టి ఇళ్లలో కూర్చున్నాం. ఇంగ్లండు మీదికి కూడా వెళ్లనంత సైన్యం మా కోళ్ల మధ్య వారం రోజులు తిరిగి, చలికి వణికి, మా విస్కీ అంతా కొనుక్కుని తాగింది. ఒక లెఫ్టినెంటు నా దగ్గరికి వచ్చి, పన్ను కట్టిన దానికన్నా కట్టనిది బాగుంటుందట కదా, ఉందా అని చెవిలో అడిగాడు. ఏ ప్రభుత్వంతో పోరాడుతున్నానో నాకే అర్థం కాలేదు.

ఇక అసలు మాట. ఎలిషా రేపు బయల్దేరుతున్నాడు. నిన్న రాత్రి ఆయన్ను కూర్చోబెట్టి అడిగాను. "బావా, నీ చర్మం కాపాడినవాణ్ని. నా పిల్లలతో సమానంగా అన్నం పెట్టాను. బట్టీ కొలత కాస్త తగ్గించి రాయి. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"హ్యూ, ఎంత ఉందో అంతే రాశాను" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "అయితే నా చెల్లిని ఇవ్వను, పో" అన్నాను. ఆ మాట దెబ్బలా తగిలింది ఆయనకు. కళ్లు తుడుచుకున్నాడు, టోపీ అడ్డమొచ్చినా నాకు కనబడింది. తరవాత అన్నాడు: "ఇసబెల్ కోసం మా వాళ్లందర్నీ వదులుకున్నాను. ఈ ఒక్కటి కూడా వదిలేస్తే ఆమె దగ్గరికి వెళ్లేది నేను కాను హ్యూ. ఎవడో ఇంకొకడు వెళతాడు. వాణ్ని ఆమె అడగలేదు."

నేను బయటికొచ్చి వాకిట్లో నిలబడ్డాను. నేను ఆయన్ను చావు నుంచి తప్పించాను, ఆయన నన్ను ఉరి నుంచి తప్పించాడు. అయినా నా కోసం ఒక గ్లాసుడు విస్కీ తక్కువ రాయడు. అంత మొండివాణ్ని మన ఇంట్లో నేను నాన్న తరవాత చూడలేదు. నాకోసం అబద్ధమాడనివాడు రేపు నీకూ ఆడడు.

ఈ ప్రభుత్వాన్ని నేను నమ్మను. సంతకం పెట్టాను కనుక పన్ను కడతాను, తిడుతూ కడతాను. ఈ మనిషిని నమ్ముతున్నాను. చేసుకో తల్లీ.

వాళ్ల చర్చివాళ్లు ఆయన వైపు నిలబడరని చెప్పాడు. మన పాస్టరు గారు కూడా మొహం తిప్పుకున్నాడు. అందుకని నేనే బయల్దేరి వస్తున్నాను. మంచు పడుతోంది, కొండ దారి బాగాలేదు, మీ వదిన వద్దని పోరుతోంది. అయినా సరే. పెళ్లిలో నీ పక్కన నిలబడతాను, ప్రమాణాలవగానే వెళ్లి ఆయన పక్కన కూడా నిలబడతాను.

నీ అన్నయ్య,
హ్యూ